మత్తడి మీది బస్తాలు

సంఘంలో నేను చేరింది కుంట మీద ప్రేమతో కాదు, కోపంతో. అత్వెల్లి నుంచి లోపలికి వెళ్తే మా పుట్టినూరు వస్తుంది. ఊరి కుంటకు ఎగువన నాకు కొంచెం పొలముంది. నా పెళ్లప్పుడు నాయిన పసుపు కుంకుమ కింద రాసిచ్చిన పొలమది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక ఆదివారం నేనుండే మచ్చ బొల్లారం నుంచి బస్సెక్కి చూడబోతే, వాన నీళ్లను కుంటలోకి తెచ్చే కాలువ కనబడలేదు. ఎర్రమట్టి పోసి పూడ్చేశారు. దాని మీద రంగురంగుల జెండాలు. కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి నన్ను ప్లాటు కొనడానికొచ్చిన దాన్నే అనుకున్నాడు.

"రా అమ్మా, సల్లగ కూల్‌డ్రింక్ తాగు" అన్నాడు.

నేను తాగలేదు. తిట్టాల్సినంత తిట్టి, నేరుగా అన్న ఇంటికి పోయాను.

అప్పటికే అన్న, ఇంకొందరు రైతులు కలిసి సంఘం పెట్టుకున్నారు. వాళ్లడిగేవి రెండే. కుంటను పూడ్చొద్దు, కుంట పక్కనున్న పట్టా భూముల జోలికి రావొద్దు. ఊళ్లో కొందరికి ఇది నవ్వులాట. "కుంట గావాలంటరు, భూమి గావాలంటరు, రెండు ఎట్లయితయ్?" అని హోటల్ దగ్గర ఎగతాళి చేసేవాళ్లు. ఎందుకు కావని నాకు ఒళ్లు మండేది. మా తాతల కాలం నుంచీ రెండూ ఉన్నాయి కదా!

నేను బట్టలు కుట్టి బతికే మనిషిని. ఉపన్యాసాలు నాకు రావు. మిగిలిన జాకెట్ ముక్కలతో అక్షరాలు కత్తిరించి, తెల్లగుడ్డ మీద కుట్టి సంఘానికి బ్యానర్ చేసిచ్చాను. పచ్చ, గులాబి, జరీ అంచు, ఏది దొరికితే అది. అన్న చూసి, "గిది సంఘం బ్యానరా, పెండ్లి పందిరా?" అన్నాడు. అంటే అన్నాడు కానీ, మండలాఫీసుకు పోయిన ప్రతిసారీ దాన్నే పట్టుకుపోయాడు.

ఆ ఎండాకాలం అందరం కలిసి కాలువలోని మట్టి తవ్విపోశాం. కుంటకు హద్దురాళ్లు పాతించమని అర్జీల మీద అర్జీలు పెట్టాం. తిరగ్గా తిరగ్గా, వానలు తగ్గాక సర్వేయర్‌ను పంపిస్తామన్నారు.

కరువు చూసి చూసి ఉన్న మాకు ఆ ఏడు మస్తు వానలు పడ్డాయి. కుంట నిండి మత్తడి దుంకింది. నిండిన కుంటలోంచి ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే రాతికట్టునే మేం మత్తడి అంటాం. కట్ట మీది మైసమ్మకు కోడిని కోసి, వానలు వెనకపట్టే ముందు మత్తడి మీద వరసగా ఇసుక బస్తాలు పేర్చడం మా ఊరి అలవాటు. అట్లా ఆపిన నీళ్లతో కట్ట కింది రైతులకు వానలైపోయాక వేసే యాసంగి పంట దక్కుతుంది. ఆ ఏడు సంబరంలో ఒక వరస మీద ఇంకో వరస పేర్చారు. బస్తాల మూతులు కుట్టింది నేనే. దబ్బనం పట్టడంలో నన్ను మించినవాళ్లు లేరని అందరూ మెచ్చుకుంటుంటే పొంగిపోయాను కూడా.

దసరా వెళ్లాక సర్వేయర్ వచ్చాడు. బ్యానర్ కట్టి, చాయ్ పోసి, మర్యాదలన్నీ చేశాం. ఆయన నీటి అంచు పట్టుకుని నడుస్తూ నడుస్తూ నా పొలం దగ్గరికొచ్చాడు. పొలమంతా నీళ్లే. ఎగువ వైపు గెట్టు ఒక్కటే పైకి కనిపిస్తోంది.

"రాయి ఇక్కడ పాతండి" అని ఆ గెట్టు చూపించాడు. "నీళ్లు నిలిచినంత మేరా కుంటే కదమ్మా."

అక్కడ రాయి పడితే పొలమంతా కుంటలో కలిసినట్టే. ఇక దున్నేది లేదు, నాదని చెప్పుకునేదీ లేదు. జెండాల మనిషి ముట్టని పొలాన్ని మేం పిలిచి చాయ్ పోసినాయన తీసుకుపోతున్నాడు. అన్న వైపు చూశాను. మైకు లేకుండానే ఊరంతా వినిపించే మనిషి, నేల చూపులు చూస్తున్నాడు.

"బస్తాల ముచ్చట చెప్పు" అన్నాను.

"సప్పుడు చెయ్యకు చెల్లె. మత్తడికి అడ్డం పెట్టినమంటే కేసయితది. తీసేయమంటే కింది రైతుల యాసంగి పోతది."

అదీ నిజమే. కానీ నా పొలం పోతుంటే నోరు మూసుకోవడం నా వల్ల కాలేదు.

"సార్, గవి కుంట నీళ్లు కావు. మేం ఆపిన నీళ్లు. రాండ్రి, మత్తడి సూపిస్త!" అని అరిచాను.

ఆయన వచ్చి చూశాడు. బస్తాలను చూసి, మమ్మల్ని చూసి, తల పట్టుకున్నాడు. "మత్తడి రాయి పై అంచుదాకా నీళ్లు దిగితే, అప్పుడు నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అదీ కుంట హద్దు. ఇవి తీసేస్తే మళ్లీ వచ్చి చూస్తా. లేదంటే ఈ గెట్టే" అన్నాడు.

వానలైపోయాయి. వదిలిన నీళ్లు మళ్లీ రావు. మా నాయిన దోస్తు ఒకాయనకు కట్ట కింద ఉన్నదే చిన్న మడి. యాసంగి పండితేనే ఆయనకు ఏడాది గడిచేది. ఆయన వైపు చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆయనే ధోవతి ఎగ్గట్టి మత్తడిలోకి దిగాడు. ఒక బస్తా లాగి పక్కన పడేశాడు.

"ఏంది సూస్తున్రు? ఆడబిడ్డ భూమి ముంచి నేను నాట్లేస్తనా? దిగుండ్రి జల్దీ!"

అన్న దిగాడు. తర్వాత అందరూ దిగారు.

నీళ్లు దిగిన తర్వాత నా పొలం మెల్లగా బయటపడింది. ఆ సర్వేయరే మళ్లీ వచ్చి, నా కింది గెట్టుకు అవతల, కుంట వైపు రాయి పాతించాడు. కేసూ లేదు, ఏమీ లేదు. ఆ బురద గెట్టు మీదే కూలబడి కరువుతీరా ఏడ్చాను. ఏడుస్తుంటే అన్న వచ్చి, "సీర ఖరాబైతాంది, లెవ్వు" అన్నాడు.

ఆ యాసంగి ఆ పెద్దమనిషి మడి ఎండే ఉంది. బస్సులో వెళ్తూ వస్తూ ఆ బీడు చూసినప్పుడల్లా తల పక్కకు తిప్పుకునేదాన్ని.

మరుసటి ఏడు కుంట మళ్లీ నిండింది. హద్దురాళ్లు పాతి ఉన్నాయి, ఇక నీళ్లు ఎంత మేర నిలిచినా భూమి ఎవరిదో తేలిపోయింది. బస్తాల మాట మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. నా మొహం చూసి ఆగుతున్నారని అర్థమైంది. ఒక ఆదివారం నేనే దబ్బనం, సుతిలి తాడు పట్టుకుని మత్తడి దగ్గరికి పోయాను.

"నీ పొలం మునుగుతది బిడ్డా" అన్నాడు పెద్దాయన.

"మునగనియ్. యాడికి పోతది?" అని బస్తా ముందుకు లాక్కున్నాను.