గురక ఆగితే తట్టాలి

మా బావ వెంకట్రాజం నిద్రమొహం కాదు. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే కొత్తవాడలో అతన్ని ఎరిగినవాళ్లు సగంమంది ఇప్పటికీ తాగుబోతనీ, మగ్గం మీద కునికేవాడనీ అంటారు. వాళ్ల నోళ్లు పడిపోను! మొదట అన్నవాణ్ణి నేనే కాబట్టి ఇంతకన్నా తిట్టలేను.

మాది జంపఖానాల మగ్గం. వెడల్పాటి జంపఖానా నేయాలంటే ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. బావ కుడివైపు, నేను ఎడమవైపు, పదహారేళ్లు అలాగే కూర్చున్నాం. పువ్వులొచ్చే చోట ఏ రంగు ఎన్ని పోగులో కాగితం చూసి బావ పైకి చదివేవాడు, "ఎర్రది నాలుగు, తెల్లది రెండు" అని. నేను వింటూ నేసేవాణ్ణి. ఆ డిజైను కాగితం నాకు అర్థమయ్యేది కాదు. బావ గొంతే నాకు దిక్కు.

డెబ్బై ఎనిమిదిలో ఆ గొంతులోనే గడ్డ లేచింది. నాలుక మొదట్లో క్యాన్సర్ అన్నారు. హైదరాబాదు తీసుకుపోయి నెలన్నర కరెంటు, అదే రేడియేషన్, పెట్టించాం. గడ్డ కరిగింది. మనిషి సగమై తిరిగొచ్చాడు. బతికాడు, అదే చాలనుకున్నాం.

తర్వాత ఈ నిద్ర పట్టుకుంది. నూలును దట్టించే పంజా చేతిలో ఉండగానే తల వాలిపోయేది, గురక మొదలయ్యేది. నేను మోచేత్తో డొక్కలో పొడిచేవాణ్ణి.

"ఏం బావా, పొద్దుగాల్నే ఏసినవా?"

"నీళ్లే దిగుతలేవు, కల్లేడ దిగుతదిరా బామ్మర్ది?" అని నవ్వేవాడు.

బావ భార్య సమ్మమ్మ నాకు తోడబుట్టిన అక్క. ఒకరోజు నన్ను వాకిట్లోకి పిలిచింది.

"తమ్మీ, ఆయనకు రాత్రి నిద్రే లేదు. కన్నంటుకుంటే గురక. గురక ఆగితే ఊపిరి గూడ ఆగుతది. పక్కన కూసొని తడుతాన. తడితే మళ్ల తీసుకుంటడు. కరెంటుకు లోపల వాసిందట. ఎల్లకిల పంటే నాలుక ఎనక్కి పడి దారి మూస్తదట. గొంతుకు బొక్క పెట్టి గొట్టమేస్తమన్నడు డాక్టరు. ఈయన వద్దంటాండు."

"ఎందుకొద్దట?"

"మాట పోతదని. మాట పోతే డిజైన్ ఎవలు సదువుతరు, నా బామ్మర్ది గట్టయ్య ఎట్ల నేస్తడు అంటాండు."

అక్క నా చెయ్యి పట్టుకుంది.

"పగలు నీ పక్కన్నే ఉంటడు. గురక ఆగితే తట్టు తమ్మీ, మర్శిపోకు."

గొట్టం వేయించుకో బావా, కాగితం చదవడం నేను నేర్చుకుంటానని ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. నలభై ఏళ్లొచ్చి ఇప్పుడు చదువేమిటని సిగ్గుపడ్డాను.

ఏడు నెలలు పొడిచాను. కొన్నిసార్లు అక్క చెప్పినందుకు, ఎక్కువసార్లు విసుగుతో. ఉలిక్కిపడి లేచి, ఎక్కడ ఆపాడో అక్కడే అందుకునేవాడు, "తెల్లది రెండు" అని. ఒక్కసారి కూడా తప్పు చదవలేదు.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం, నేసిన జంపఖానా మగ్గం నుంచి కోసి దించాం. అక్క రేషను దుకాణానికి గ్యాసునూనె కోసం వెళ్లింది. బావ కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"జర నడుం వాలుస్తరా. గంటసేపు లేపకు బామ్మర్ది, నీ కాల్మొక్త" అన్నాడు.

బావ అయ్యుండి నా కాళ్లు మొక్కుతానన్నాడు! కొత్త జంపఖానా పరిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టాను. కాసేపటికి తనే వెల్లకిలా తిరిగాడు. గురక పెట్టాడు. ఆగింది. లేపడానికి చెయ్యి చాచాను కూడా, అంతలోనే దానంతట అదే మళ్లీ మొదలైంది. చూశావా, తట్టకపోయినా వస్తోంది, ఉత్తపుణ్యానికి ఇన్నాళ్లూ ఈ మనిషిని పొడుచుకు తిన్నాను అనుకున్నాను.

మళ్లీ ఆగింది. వస్తుందిలే అని ఊరుకున్నాను. చప్పుడుకు లేస్తాడేమోనని నా చేతిలోని పంజా కింద పెట్టేశాను. ముఖం మీద ఈగ వాలితే తోలాను. ఎన్నాళ్లకు ముఖం ఇంత నిమ్మళంగా ఉందని సంతోషపడ్డాను, దరిద్రుణ్ణి!

అక్క నూనె డబ్బాతో వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది.

"తమ్మీ, గురకేది?"

"మెల్లగ అక్కా, లేస్తడు. ఇయ్యాల మంచిగ నిద్రవట్టింది" అన్నాను.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజూ అనలేదు, ఇప్పటికీ అనదు. చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది.

దినాలయ్యాక డిజైను కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. చదవడం నేర్చుకోవడానికి పదిహేను రోజులు కూడా పట్టలేదు.