కండక్టరమ్మ కొత్త చొక్కా

సొంత ఇంటి దండెం మీద పరాయి చెయ్యి కుట్టిన చొక్కా ఆరుతుంటే ఏ దర్జీ గుండె గుభేలుమనదు?

చొక్కా బస్సు కండక్టరమ్మది. చూసింది కుట్టు అక్క. పన్నెండేళ్ళుగా ఇద్దరిదీ ఒకే గది. వీధికి అప్పచెల్లెళ్ళు, తలుపు గడియ పడితే ఆలుమగలు. అందులో మగడెవరని అడిగే మొహానికి జవాబు చెప్పడం దండగ.

కండక్టరమ్మ యూనిఫాం ఏటా కుట్టు అక్కే కుట్టేది. టేపు పట్టగానే ఆవిడ చక్కిలిగింతలని మెలికలు తిరిగేది. "కదిలావో, సూది దిగుతుంది" అని ఈవిడ బెదిరించేది. ఆ పూట ఇద్దరికీ పనయ్యేది కాదు.

కుట్టు అక్క గుండీని ఇంటూ గుర్తులా కుడుతుంది. ఈ చొక్కా గుండీలకు రెండు అడ్డగీతలే. అది చూడగానే మిగతావన్నీ వరసకట్టాయి. నాలుగు నెలలుగా ఆ మనిషి గోడవైపు తిరిగి పడుకుంటోంది. చెయ్యి వేస్తే "డ్యూటీలో నిలబడీ నిలబడీ కాళ్ళు లాగేస్తున్నాయే" అంటోంది. స్నానాలగదిలోనే బట్టలు మార్చుకుంటోంది. ఇంకెవత్తో తగిలింది, సందేహమే లేదు.

చొక్కా చంకన పెట్టుకుని డిపోవాళ్ళంతా కుట్టించుకునే, వెనక సందులోని దర్జీ కొట్టుకు పోయింది.

"మీరేనా కుట్టింది?"

"నేనే. పిగిలిందా?" అంది దర్జీ.

"ఎవరితో వచ్చింది?"

"ఒక్కతే. టేపు పట్టనివ్వలేదమ్మా! పాతది చూపించి, చుట్టూ నాలుగంగుళాలు పెంచమంది."

ఒంటి మీద ఏ ఆనవాలూ లేకపోతే టేపు ఎందుకు పట్టనివ్వదు? కుట్టు అక్క దారి పొడుగునా పళ్ళు నూరుకుంటూ వచ్చింది. మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చిన మనిషిని గుమ్మంలోనే పట్టుకుంది.

"ఎవత్తె అది?"

"ఎవరే?"

"నాలుగంగుళాలు మేపిందే, ఆవిడ!"

కండక్టరమ్మకు ముందు నవ్వొచ్చింది, వెనకే ఏడుపు. మంచం మీద కూలబడింది.

"నెలసరి ఆగిపోయాక ఒళ్ళిలా ఊరింది. నువ్వు దగ్గరకొస్తే లోపలంతా మంట, నొప్పి. పక్కగది ముసలామె దగ్గితేనే మనకి వినపడుతుంది, అబ్బా అని ఎలా అరవను? టేపు పడితే పసిగడతావని అక్కడికి పోయా."

"నొప్పయితే ఎందుకు ఓర్చుకున్నావ్?"

"నీకు బాగుంటుందని."

ఆ మాట గుచ్చుకున్నట్టు ఇంకేదీ గుచ్చుకోలేదు.

"నువ్వు పళ్ళు బిగించుకుంటే నాకు బాగుంటుందా, దయ్యమా! ఎన్నిసార్లు నటించావో చెప్పు."

"ఈ నాలుగు నెలలే. మొదట్లో రెండుమూడుసార్లు. తర్వాత గోడే దిక్కయింది. డాక్టరమ్మ పూతమందు ఇస్తుందట. ఎవరితో కాపురమని అడిగితే ఏం చెప్పను?"

"నాతోనని నేనే చెబుతా. రేపు సెలవు పెట్టు."

కుట్టు అక్క బ్లేడు తీసి కొత్త చొక్కా గుండీలన్నీ కోసేసింది. టేపు మెళ్ళో వేసుకుంది.

"చేతులెత్తు. ఎక్కడ తగిలితే నొప్పో చెప్పు. ఎక్కడ బాగుంటుందో అదీ చెప్పు."

టేపు నడుం చుట్టూ తిరిగింది. కండక్టరమ్మ మెలిక తిరిగి కిసుక్కుమంది.

కుట్టు అక్క టేపు ఆపి, కళ్ళు చికిలించి చూసింది. "నిజంగా చక్కిలిగింతేనా? ఇదీ నా కోసమేనా?"

"నిజమేనే తల్లీ! గోరు తగులుతోంది, తియ్యి."