మైకులో గురక

కుట్టు మిషన్లు బాగుచేసే ఆ పెద్దమనిషి నవ్వించే రకం కాదు, నవ్వే రకం అంతకన్నా కాదు. బెల్టు తెగిందనో, షటిల్ పట్టేసిందనో ఎవరైనా కబురు పెడితే సంచి భుజాన వేసుకుని వెళ్ళేవాడు. మిషను ముందు కూర్చుని, చక్రం ఒకసారి తిప్పి, చెవి ఒగ్గి వినేవాడు. పని అయ్యేదాకా ఇంటివాళ్ళు ఎంత కదిపినా ఊఁ కొట్టడమే తప్ప నోరు విప్పేవాడు కాదు. అది పొగరనుకునేవాళ్ళు కొందరు. నిజానికి ఆ సమయంలో ఆయన లోపల కవిత అల్లుకుంటూ ఉండేవాడు. కాగితం మీద పెట్టే అలవాటు లేదు. నూనె చేతులతో ముట్టుకుంటే మరకలవుతాయని మొదట్లో మానేశాడు, తర్వాత అదే అలవాటైపోయింది. అల్లిందాన్ని నోటికి వచ్చేదాకా లోలోపల తిప్పుకోవడమే.

నెలకోసారి గ్రంథాలయం మేడమీద కవులు చేరేవాళ్ళు. రిటైరైన ఒక మాస్టారు ఆ సభ నడిపేవారు. ఈయన ఏళ్ళ తరబడి అక్కడికి వెళ్ళాడు. తన వంతు వచ్చేసరికి సగం మంది టీ కోసం లేచేవాళ్ళు, మిగతా సగం మర్యాద చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇంటికి రాగానే భార్య అడిగేది.

"ఎలా జరిగింది?"

"బాగానే జరిగింది."

"అంటే టీ బాగుందన్నమాట."

ఆమె పోయాక ఆయన చాలాకాలం ఆ మెట్లు ఎక్కలేదు. ఇంట్లో ఉన్నదే ఇద్దరు, ఇప్పుడు ఒక్కడు మిగిలాడు. ఆమెకి గురక ఉండేది, అదీ గట్టిగానే. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకి ఆయనకి నిద్ర పట్టేది కాదు. పోనుపోను అది లేకపోతే పట్టేది కాదు. ఇప్పుడు ఇల్లంతా నిశ్శబ్దం, కంటి మీద కునుకు లేదు. ఒక టైలరు దుకాణంలో మిషను విప్పి కూర్చున్నప్పుడు ఆ సంగతే కవితగా కదిలింది. నట్లు బిగించే లోపల మొదటి సగం వచ్చింది. రెండో సగానికి చాలా రోజులు పట్టింది. అది పూర్తయిన రోజున తన బతుకులో ఒక్క మంచి కవిత అల్లానని ఆయనకి అనిపించింది. దాన్ని నలుగురికీ వినిపించాలని మళ్ళీ సభకి వెళ్ళాడు.

ఆమె పోయిన సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. ఆయన చెప్పలేదు, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని వాళ్ళూ అడగలేదు.

మైకు అందుకుని "గురక" అని పేరు చెప్పగానే వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

నా పక్కన పడుకున్న మనిషి
రాత్రంతా ఒక మిషను తొక్కుతుంది.
దారం లేదు, గుడ్డ లేదు,
తెల్లారేసరికి నాకొక నిద్ర కుట్టి ఇస్తుంది.

రెండో లైనుకే హాలు ఘొల్లుమంది. టీకి లేచినవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగి, వెనక్కి వచ్చి కూర్చున్నారు. ఆయన బిత్తరపోయాడు. తర్వాతి లైన్లకి ఇంకా నవ్వారు. ముందు వరసలో ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ "మా ఇంట్లోనూ ఇదే గోలండీ" అన్నాడు. ఇక మిగిలింది రెండో సగం, మిషను ఆగిపోయిన ఇంటి గురించి. ఆయన నోరు తెరిచాడు. ఎదురుగా అన్ని మొహాలు, ఎప్పుడూ తనవైపు తిరగనివి, ఇంకో నవ్వు కోసం ఎదురుచూస్తున్నాయి. నోరు మూసుకున్నాడు. తనూ ఒక చిన్న నవ్వు నవ్వి, నమస్కారం పెట్టి దిగిపోయాడు.

చప్పట్లు ఆగలేదు. మాస్టారు వచ్చి భుజం తట్టి, "ఇన్నాళ్ళూ ఇంత హాస్యం ఎక్కడ దాచారండీ?" అన్నారు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఇంటికి నడుస్తుంటే సిగ్గుతో మొహం కందిపోయింది. కానీ ఆ సిగ్గు అడుగున సంతోషం కూడా ఉంది. అది ఉందని తెలియడం మరింత సిగ్గుగా అనిపించింది.

ఆ తర్వాత పిలుపులు మొదలయ్యాయి. బట్టల దుకాణం వార్షికోత్సవమనీ, ఉద్యోగుల సంఘమనీ, అపార్ట్‌మెంట్ వాళ్ళ సభ అనీ పిలిచేవాళ్ళు. అందరూ అడిగేది ఆ ఒక్కటే. ఒకచోట జనం సరిగ్గా నవ్వకపోతే మధ్యలో నిజంగానే ఒక గురక తీశాడు. హాలు దద్దరిల్లింది. అప్పటినుంచి గురక కవితలో భాగమైపోయింది. మొదట సన్నగా ఈల, తర్వాత ఎక్కడో తట్టుకున్నట్టు ఒక ఆగడం, ఆ పైన పెద్ద చప్పుడు. ఆయన కల్పించిందేమీ లేదు. ఆమె ఎలా తీసేదో అచ్చం అలాగే తీసేవాడు, చెవికి అంత బాగా తెలుసు మరి. జనం ఆయనకి గురక కవి అని పేరు పెట్టారు.

ఒకసారి పెద్దాసుపత్రి సిబ్బంది సభకి పిలిచారు. ఆయన మరదలు, అంటే పోయిన భార్యకి చెల్లెలు, అక్కడే దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేస్తుంది. సభ జరిగే సాయంత్రం ఆమెకి డ్యూటీ అని తెలుసు కాబట్టే ఒప్పుకున్నాడు. బావ కవిత చదువుతున్నాడని తెలిసి ఆమె ఇంకొకరిని బతిమాలి డ్యూటీ మార్చుకుంటుందని ఊహించలేదు. తోటివాళ్ళందరికీ "మా బావే" అని చెప్పి మరీ తీసుకొచ్చింది.

ఆయన సన్నగా ఈల మొదలుపెట్టి, తట్టుకున్నట్టు ఆగి, కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మరదలు కనిపించింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. ఆమె ఒళ్ళో పెట్టుకున్న చేతుల వంక చూసుకుంటోంది. పక్కనున్న ఆవిడ మోచేత్తో పొడిచి ఏదో అంది. ఆమె తల ఎత్తలేదు.

అక్కడితో ఆపొచ్చు. దగ్గు వచ్చినట్టు నటించి దిగిపోవచ్చు. ఆయన ఆపలేదు. పెద్ద చప్పుడు తీశాడు, చప్పట్ల కోసం ఆగాడు, భుజాల మీద కప్పిన శాలువాతో ఫోటో దిగాడు. ఆ తర్వాత వెతికితే ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

రోజులు గడిచినా కబురు లేదు. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయనే వాళ్ళింటికి వెళ్ళాడు. ఆమె వంటింట్లో గిన్నెలు తోముతోంది. కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది, మళ్ళీ వెళ్ళి తోముకోసాగింది. ఆయన గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు నువ్వొస్తావనుకోలేదమ్మా."

"రాకపోతే పరవాలేదా బావా?"

ఆమె కుళాయి కట్టేసింది.

"నా కాన్పుకి సాయం చెయ్యడానికి అక్క ఇక్కడికొచ్చింది, గుర్తుందా? పగలంతా చాకిరీ చేసేది, రాత్రి పడుకునేది కాదు. పిల్లని నేను చూసుకుంటాలే అని ఈ వంటింట్లో గోడకి చేరగిలబడి కూర్చునేది. పిల్ల కోసమే అనుకున్నాం. వెళ్ళే రోజున చెప్పింది. గురక మా ఆయన వింటాడనట. మా అత్తగారు వింటారనట. ఎంత సిగ్గుపడేదో తెలుసా నీకు?"

ఆయనకి తెలియదు. ఆ ప్రయాణం నుంచి వచ్చాక భార్య రెండు రోజులు ఒళ్ళు తెలియకుండా నిద్రపోవడం గుర్తుంది. చాకిరీ ఎక్కువైందనుకున్నాడు.

"నీ ఒక్కడి దగ్గరే హాయిగా పడుకుంటానని చెప్పింది," అంది మరదలు. "నువ్వు మైకులో పెట్టావు."

ఆయన అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయాడు.

"అది నవ్వించడానికి అల్లింది కాదు. రెండో సగం ఉంది. అది ఎక్కడా చదవలేదు."

"ఎందుకని?"

"చదివితే నవ్వు ఆగిపోతుందని."

ఆమె చెయ్యి తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాకు చెప్పు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మొదటి సగం గబగబా నాలుక మీదికి వచ్చింది, ఆ గురక వచ్చే చోటుతో సహా. దాని తర్వాత ఏమీ లేదు. ఇంకోసారి మొదటినుంచి లోపల అనుకుంటూ వచ్చాడు. మళ్ళీ అక్కడే ఆగింది. మిషను మీద కప్పిన గుడ్డ గురించి ఏదో ఉండాలి. భార్య పడుకునే వైపు గోడ గురించి ఏదో ఉండాలి. మాటలు మాత్రం లేవు. అన్నాళ్ళూ పైకి అనకుండా మింగినవి నిజంగానే అరిగిపోయాయి.

"గుర్తురావడం లేదు," అన్నాడు.

ఆమె నమ్మనట్టు చూసింది. తర్వాత నమ్మింది. నమ్మినప్పటి చూపే ఆయన భరించలేకపోయాడు.

ఇంకో వారంలో ఒక సభకి ఒప్పుకుని ఉన్నాడు. నిర్వాహకుడు ఫోన్ చేస్తే రాలేనన్నాడు. ఆ కుర్రాడు వదల్లేదు, ఇంటి ముందు గదిలో ఆయన పెట్టుకున్న రిపేరు దుకాణానికి స్వయంగా వచ్చాడు. బతిమాలాడు, అలిగాడు, పోస్టర్ చూపించాడు. చివరికి ఆయన ఉన్నది చెప్పేశాడు. అది తన భార్య గురకనీ, ఆమె బతికి లేదనీ.

కుర్రాడు చేతిలోని పోస్టర్ చుట్టేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "క్షమించండి సార్, తెలియదు," అన్నాడు. వెళ్ళబోయి ఆగాడు. "ఒక్క మాటంటే ఏమీ అనుకోరు కదా? నవ్వించి నవ్వించి, చివర్లో ఈ సంగతి చెప్పారనుకోండి, హాలు మొత్తం ఏడుస్తుంది సార్. అంతకన్నా గొప్పగా ఉండదు."

ఆయన వెంటనే కసురుకోలేదు. ఒక్క క్షణం, కళ్ళ ముందు ఆ హాలు కనిపించింది. నవ్వులు ఒక్కసారిగా చల్లబడటం, రుమాళ్ళు బయటికి రావడం, ఆ పైన వచ్చే చప్పట్లు, అన్నీ కనిపించాయి. ఎక్కడ ఆగితే బాగుంటుందో కూడా తోచింది. అది తోచిందని తెలిశాక ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. చేతిలో ఉన్న నూనె డబ్బా కింద పెట్టి, "వెళ్ళిరా బాబూ," అని మాత్రం అన్నాడు.

గురక కవికి తలపొగరెక్కిందని కొన్నాళ్ళు చెప్పుకున్నారు. తర్వాత ఇంకెవరో నవ్వించేవాళ్ళు దొరికారు. మాస్టారు ఒకసారి దారిలో ఎదురై రమ్మన్నారు. ఆయన ఊఁ అన్నాడు, వెళ్ళలేదు.

చాలా నెలల తర్వాత కూతురి మిషను మొరాయిస్తే మరదలు తనే ఆటోలో వేసుకుని తెచ్చింది. ఆయన బాగుచేస్తున్నంతసేపూ స్టూలు మీద కూర్చుంది. ఆసుపత్రి కబుర్లు చెప్పింది, కూతురి మీద చాడీలు చెప్పింది. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం, ఆయన మొహం చూడకుండా, "ఆ రెండో సగం ఎప్పుడైనా గుర్తొస్తే నా ఒక్కదానికే చెప్పు బావా," అంది.

ఆయన పని చేసుకుంటూ ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. ఈమధ్య రెండు లైన్లు చిక్కాయి. అవి అప్పటివో, ఇప్పుడు కొత్తగా అల్లుకున్నవో ఆయన తేల్చుకోలేకపోతున్నాడు. అందుకే మరదలికి ఇంకా చెప్పలేదు.