యాభై మీటర్ల నిబంధన

పాయా లేబర్‌లోని ఆ మ్యాపుల ఆఫీసులో మాజిదా పనికి వంక పెట్టేవారు లేరు. హైదరాబాదు నుంచి ఈ పరాయి దేశానికి వచ్చిన ఏడాదే, 1999లో, ఆమె ఒక నిబంధన రాసింది: యాభై మీటర్లలోపు రెండు చుక్కలు పడితే, ఒకటి పొరపాటని కంప్యూటర్ దాన్ని తీసేయాలి. అప్పుడు లెక్కపెట్టినవి టెలిఫోను స్తంభాలు. ఆ తర్వాత ఆ నిబంధనను ఎవరూ ముట్టుకోలేదు.

రెండేళ్ళకు బోర్నియో అడవి నుంచి ఒక జాబితా వచ్చింది. ఒక్కో చుక్క ఒరాంగుటాన్ వానరం చెట్టు మీద కట్టుకున్న ఒక గూడు. ఆ గూళ్ళున్న కొండ కింద బొగ్గుంది. గూళ్ళు వంద దాటితే తవ్వకానికి అనుమతి రాదు. జాబితాలో 214 ఉన్నాయి. మ్యాపులో 61 మిగిలాయి.

మర్నాడు మాజిదా జాబితా అడుగున సర్వేవాళ్ళు రాసిన మాట చూసింది. పండ్ల చెట్ల చుట్టూ గూళ్ళు పక్కపక్కనే ఉంటాయట.

"జనార్దన్, గా మ్యాపు ఆపు. నా రూల్ తప్పు."

"నిన్ననే పంపేశానండీ. క్లయింట్, ఆ బొగ్గు కంపెనీవాడు, తెగ మెచ్చుకున్నాడు."

"నేను వాపస్ తీసుకుంట. తప్పు నాదని రాస్త."

మేనేజర్ జనార్దన్ నవ్వాడు. "రూల్ మీదే, మ్యాపు కింద పేరూ మీదే. వచ్చే నెల ఇక్కడ పనిచేయడానికి మీ పాస్ రెన్యూవల్ కూడా కదా, మాజిదా గారూ."

ఆ రాత్రి టోవా పాయోలోని తన ఫ్లాట్‌లో ఆమె అన్నం కెలుకుతూ కూర్చుంది. కూతురు నిదా హోంవర్కులోంచి తలెత్తకుండానే ఆమె చెప్పిన సంగతంతా వింది.

"దెన్ సే సారీ లా, అమ్మీ," అంది ఇక్కడి ఇంగ్లీషు యాసలో.

పొద్దున్నే మాజిదా నిబంధన తీసేసి, 214 గూళ్ళ మ్యాపును అనుమతులిచ్చే కమిటీకి పంపింది. మొదటి మ్యాపు తన తప్పని రాసి సంతకం పెట్టింది. నాలుగో రోజు కమిటీ నుంచి జవాబొచ్చింది: అనుమతి ఆపాం, గూళ్ళు మళ్ళీ లెక్కిస్తాం.

మూడు వారాలకు కొత్త జాబితా వచ్చింది. మాజిదా దాన్ని మ్యాపు మీదికి ఎక్కించింది. డెబ్భై చుక్కలు. పండ్ల చెట్లున్న తూర్పు వాలు మొత్తం తెల్లగా ఉంది.

ఆమె నిబంధన ఉన్న చోటికి వెళ్ళి చూసింది. అది తీసేసే ఉంది. జాబితాలో వరసలు వేలితో లెక్కపెట్టింది. డెబ్భయ్యే. అడుగున సర్వేవాళ్ళు రాసిన మాట ఉంది: తూర్పు వాలులో పండ్ల చెట్లన్నీ ఈమధ్యే నరికేసి ఉన్నాయట.

"ఈసారి సరిపోయాయా?" వెనక నుంచి జనార్దన్ అడిగాడు.