పై వాటాకి చేరిన పెళ్లి సీడీ

వీధి మొత్తానికీ ఆవిడ సీఐడీ పిన్ని. బట్టలు కుట్టడం ఆవిడ వృత్తి, అనుమానించడం స్వభావం. కొలతలు తీసుకుంటూనే ఆరాలూ తీసేది. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడనేది, నవ్వకపోతే ఇంకాస్త ఎక్కువ కలిపాడనేది.

అలాంటి ఆవిడ ఇంటి పై వాటాలోకి రిటైరైన కండక్టరొకాయన ఒంటరిగా అద్దెకు దిగాడు. సామాను సర్దుకున్నాడో లేదో, “పాత సీడీలుంటే పారేయకండి, నాకివ్వండి” అంటూ ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాడు.

“చెత్త అడిగి మరీ పట్టుకెళ్లేవాడు ఊరికే పట్టుకెళ్తాడా?” అంది పిన్ని కోడలితో. “అన్నీ పెళ్లి వీడియోలే. ఎవరి ఒంటిమీద ఎంత బంగారం ఉందో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. నువ్వు మాత్రం ఇవ్వకు.”

కోడలు నాలుక కరుచుకుంది. “నిన్ననే సంచెడు ఇచ్చేశాను అత్తయ్యా. అటక మీద ఊరికే పడున్నాయని...”

కొడుకు పెళ్లి సీడీ అందులోనే ఉంది. పోయిన భర్త గొంతు మిగిలింది ఆ ఒక్కదాంట్లోనే. మెడలో టేపు తీయకుండానే పిన్ని మెట్లెక్కింది.

తలుపు ఓరగా ఉంది. తట్టకుండా తొంగిచూసింది. బాల్కనీలో పావురాలు వాలకుండా దారాలకు కట్టిన సీడీలు తళుక్కుమంటున్నాయి. కండక్టరు మాత్రం వేడినీళ్ల గిన్నెలో మెత్తబడిన ఒక సీడీని తీసి, కత్తెరతో ముక్కలు చేస్తున్నాడు. ఆ ముక్కల్ని మట్టి కుండీకి అతికిస్తున్నాడు.

“ఆపండి! అది ఎవరిది?” అని అరిచింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. “ఏదో పాత సాఫ్ట్‌వేరుదమ్మా. చేత్తో రాసినవి నేను కొయ్యను. ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు కదా.” గూట్లోంచి ఒక అట్టపెట్టె తీసిచ్చాడు. అన్నిటికన్నా పైన, భర్త వంకర అక్షరాల్లో, ‘అబ్బాయి పెళ్లి’.

“చూశారా?”

“చూడ్డానికి నా దగ్గర ఏముందమ్మా, రేడియో తప్ప?”

పిన్ని నమ్మలేదు. గది నాలుగు మూలలూ కళ్లతోనే వెతికి మరీ దిగింది.

ఫొటో స్టూడియోలో పాత కంప్యూటరులో వేయించింది. బొమ్మ రాలేదు, గొంతూ రాలేదు. కండక్టరే గీకాడని మండిపడింది. స్టూడియో అతను సీడీని వెలుతురుకు అడ్డంగా పట్టి చూపించాడు. “గీత ఒక్కటీ లేదు పిన్నీ. చెమ్మకి లోపలి పూతే పోయింది. ఎక్కడ పెట్టారు?”

వాన కారే ఆ అటక మీద దాచింది తనే. నిందించడానికి ఇంకెవరూ దొరకలేదు. దారిపొడవునా కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఇల్లు చేరింది.

ఆ వారమంతా మిషను చప్పుడు సరిగా వినిపించలేదు. చివరికి తనే మళ్లీ పైకెళ్లింది. “అన్నయ్యగారూ, కొయ్యకుండా, ఆ రాత పైకి కనబడేలా ఏమైనా చెయ్యగలరా?”

ఆయన నడిమి కంతలో ముళ్లు బిగించి గడియారం చేసిచ్చాడు. పిన్ని దాన్ని మిషనుకు ఎదురుగా తగిలించింది, భర్త చేతిరాత కంటికి ఆనేంత ఎత్తులో. సూదిలో దారం ఎక్కించబోతూ కాసేపు దానికేసే చూస్తూ ఉండిపోయింది.

తరవాత కోడల్ని పిలిచి మెల్లగా అడిగింది. “నీ ఫోన్లో టైమెంతే? ఇది వెనక నడుస్తున్నట్టు లేదూ?”