బ్రేక్ రోజు చేసిన పని

పొద్దున చాయ్ తాగుతూ పేపర్ తిప్పితే మళ్లీ అదే వార్త, కాంట్రాక్టు ఉద్యోగులకు త్వరలో తీపి కబురట. నా మీసం నల్లగా ఉన్నప్పటి నుంచీ చదువుతున్నాను ఆ తీపి కబురు. ఒంట్లోకి షుగర్ వచ్చింది గానీ అది మాత్రం రాలేదు. పేపర్ మడిచి అవతల పారేశాను.

నా ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో కాంట్రాక్టు అంటే రెండు మూడేళ్ల ముచ్చట, ఆ తర్వాత పర్మనెంటే అని గట్టిగా నమ్మినవాళ్లం మనం. వేములవాడ దగ్గర సాంచెల మీద గుడ్డ నేసి నేసి, ఆ చప్పుడుకు చెవులు పోగొట్టుకున్న మా బాపు, నన్ను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివించాడు. ఆదిలాబాద్ వైపు ఒక సర్కారు దవాఖానలో కొలువు దొరకగానే వాడకట్టంతా తిరిగి చెప్పుకున్నాడు, కాంట్రాక్టన్న మాట మాత్రం ఎక్కడా పొక్కనీయలేదు.

మాకు ఏటా ఒక రోజు బ్రేక్ ఇచ్చేవారు. ఆ రోజు మేం ఉద్యోగులం కాము, హాజరు పట్టీలో సంతకం పెట్టకూడదు, మర్నాడు కొత్త ఆర్డరు. ఎడతెగకుండా పనిచేశామని ఎవరూ పర్మనెంటు అడగకుండా పన్నిన ఉపాయమది. నాతోపాటే పక్క మండలం దవాఖానలో చేరిన ఇంకో టెక్నీషియన్ ఆ రోజు హాయిగా ఇంట్లో పడుకునేవాడు. నాది పాడు బుద్ధి. మా బ్రేక్ సరిగ్గా వానాకాలం జ్వరాల్లో వచ్చేది. గూడేల నుంచి వచ్చి వరండాలో వణుకుతూ కూర్చున్నవాళ్లను చూస్తే, దవాఖాన ఎదురుగానే ఉన్న నా అద్దె గదిలో కాలు నిలిచేది కాదు. పోయి రక్తం తీసి, మలేరియా చూసి, ల్యాబ్ రిజిస్టర్లో రాసి సంతకం చేసేవాణ్ణి. డాక్టరమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది.

పదకొండో ఏట, నిజంగానే పర్మనెంటు చేస్తారని, కాగితాలతో కరీంనగర్‌లో ఒక ఆఫీసుకు రమ్మన్నారు. బ్రేకులు అడ్డమొస్తాయేమోనని ఆ రిజిస్టర్ల నకళ్లన్నీ సంచిలో మోసుకుపోయి, అడగకముందే టేబుల్ మీద పరిచాను.

"బ్రేక్ నాడు గూడ పన్జేసిన సార్, ఒక్కరోజు ఎగ్గొట్టలే" అన్నాను గొప్పగా.

అధికారి తలెత్తాడు. "ఆర్డరు లేని నాడు నువ్వు బయటి మనిషివి. ఎవలు చెప్తె సూది పట్టినవ్? పేషంట్‌కు ఏమన్నైతె ఎవలు జిమ్మేదారు?"

డాక్టరమ్మ పేరు చెబితే ఆమె మెడకు చుట్టుకుంటుంది. నా అంతట నేనే పట్టిన అన్నాను.

తీరా చూస్తే బ్రేకులు అందరికీ మాఫ్ చేశారు. ఇంట్లో పడుకున్నతను పర్మనెంటయ్యాడు, నాకు మెమో వచ్చింది, జాబితాలో నా పేరు కొట్టేశారు. ఓరి నీ తెలివి మండ, అడగని కాగితాలు ఎందుకు పరిచావురా అని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. బాపుకు నాలుగుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది, నాలుగోసారికి వాడకట్టంతటికీ తెలిసింది.

"పన్జేసినందుకా బిడ్డా?" అని మాత్రం అడిగాడు.

కాంట్రాక్టుగానే చేరాను, వయసు మీరాక కాంట్రాక్టుగానే ఇంటికొచ్చాను. ఇప్పుడు ఆ మాటా పోయి ఔట్‌సోర్సింగ్ వచ్చింది, పిల్లలకు పర్మనెంటు మీద ఆశే లేదు, ఒకరకంగా అదే నయమేమో. కానీ రాని పింఛను కన్నా నన్ను ఎక్కువ కాల్చేది వేరే ఉంది. మెమో వచ్చిన మరుసటి ఏడు, బ్రేక్ రోజున, నేను గది తలుపు వేసుకుని కూర్చున్నాను. ల్యాబ్ ముందు ఒకామె జ్వరంతో ఉన్న పిల్లను ఒళ్లో వేసుకుని పొద్దుగూకేదాకా కూర్చోవడం కిటికీలోంచి కనబడుతూనే ఉంది. నేను పోలేదు. ఆ ఏటి దాకా నేను అట్లాంటి మనిషిని కాను.