పూచీ లేని సలహా

మా జేజినాయనకు తాత అయినాయన పాలెగాడి కొలువులో ప్రధాని. ఆ ప్రధాని కొడుకు తెల్లదొరల కలెక్టరు కచేరీలో కుర్చీ వేయించుకుని కూర్చునే మర్యాద ఉన్నవాడు. మా జేజినాయనకు, అంటే మా నాయనను కన్న తండ్రికి, ఏ కొలువూ లేదు. అయినా మా ఊరు యాడికి చుట్టుపట్ల గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు వేరుపడినా ఆయన ఆలోచన చెప్పందే తెగేది కాదు. ఆ ఇంటివాణ్ణని చెప్పుకోవడానికి నేనెన్నడూ సంకోచించలేదు, ఆ పేరు తప్ప ఇంకేమీ మిగలని రోజుల్లో కూడా.

ఆలోచన చెప్పడంలో మా ఇంటికొక పద్ధతి ఉండేది. చెప్పినవాడే పూచీ. ఫలానావాడు నీ వాటా నీళ్లు వదులుతాడు, నువ్వు కేసు మానుకో అని జేజినాయన ఒకరికి చెప్పాడంటే, ఆ ఫలానావాడు వదలని రోజున మా బావి నీళ్లు పారేవి. మాట తప్పింది ఎవరైనా గింజలు మా పాతరలోంచి వెళ్లేవి, గొర్రెలు మా మందలోంచి వెళ్లేవి. మా ఆస్తి కరిగిపోయింది పేకాటలోనో తాగుడులోనో కాదు, ఇలాగే. దీన్ని తెలివితక్కువతనం అన్నవాళ్లను నేను ఇంటికి పిలవలేదు.

ఇప్పుడు డిగ్రీ పట్టా చేతికి రాగానే పిల్లలు కంపెనీలకు వ్యూహాలు చెప్పే ఉద్యోగాల కోసం ఎగబడుతున్నారు. ఎవరో ఒకరు వచ్చి, మీరు ఆ కాలంలోనే ఆ పని చేశారట గదా అని అడుగుతారు. చేశాను. యాభైలు ముగిసే వేళకు అనంతపురం కాలేజీలో బి.ఏ. పూర్తిచేసి మద్రాసు వెళ్లాను. మిల్లులకూ కాఫీ తోటలకూ సలహాలు చెప్పే సంస్థ ఒకటి అక్కడ ఉండేది. తెల్లవాళ్లు పెట్టింది. వాళ్లు చాలామంది వెళ్లిపోయినా వాళ్ల గొంతు మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇంటర్వ్యూలో మీ వాళ్లేం చేస్తారని అడిగారు. ఊళ్లకు సలహా చెబుతారన్నాను.

"ఫీజు ఎంత?"

"తీసుకోరు."

"మరి ఆ సలహాకు విలువేముంది?" అని ఒకాయన అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. బహుశా అందుకే తీసుకున్నారు. వంగని వెన్ను చూసి యజమానులు జడుస్తారని తర్వాత మా పైఅధికారి ఒకసారి మెచ్చుకోలుగా చెప్పాడు.

ఆ పని ఎలాంటిదో చెబుతాను. ముప్పై ఏళ్లు మిల్లు నడిపినవాడి ఎదుట ఇరవై రెండేళ్లవాడు టై కట్టుకుని కూర్చుంటాడు. మిల్లువాడికి తెలిసినదంతా అడిగి తెలుసుకుంటాడు. దాన్నే ఇంగ్లీషులో టైపు కొట్టించి, అట్ట వేసి, మళ్లీ అతనికే ఇస్తాడు. అతను దాన్ని తన బంధువులకు చూపించి తాను ముందే చేయదలచుకున్న పని చేస్తాడు. నాతోపాటు చేరిన వాళ్లు ఆఫీసర్ల కొడుకులు, ఇది వాళ్లకు ఆటలా ఉండేది. నాకు మాత్రం మా ఇంటి పనే, కుర్చీ మారిందంతే అనిపించేది.

అరవైలలో కరువు పట్టిన ఏట పామిడి దగ్గర ఒక నూనె మిల్లు యజమాని మా సంస్థకు రాశాడు. ఫలానా కుర్రాణ్ణే పంపమని నన్ను అడిగి మరీ పిలిపించుకున్నాడు. వేరుశనగ పండలేదు. ఇంజను వారంలో సగం రోజులు ఆగి ఉండేది. పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు.

మిల్లు ఆవరణలో గింజలు చెరిగే ఆడవాళ్లు నన్ను వింతగా చూశారు. వాళ్లలో ఒక నోరుగల పెద్దామె, "ఏమప్పా, మెడకు ఆ పలుపేంది? ఎవురు కట్టేసినారు నిన్ను?" అంది.

పక్కామె ఆమె మోచేయి గిల్లి, "ఓయమ్మో, యాడికి పెద్దింటి మనవడే, నోరు మూసుకో" అంది.

"అట్లనా! మరి ముందే చెప్పగూడదా? దొరా, ఆ పలుపు నీకు బాగుండాదిలే" అని ఆమె అందరినీ నవ్వించింది. నాకు కోపం రాలేదు. ఆ చనువు మా ఇంటితో ఉన్నవాళ్లకే ఉంటుంది.

నాతో వచ్చిన మా పైఅధికారీ నేనూ కలిసి తేల్చింది ఇది: వానలు పడి పంట వచ్చేదాకా మిల్లు మూయాలి, పంట రాగానే ఇదే మనుషులతో మళ్లీ తెరవాలి. యజమాని తల ఊపాడు. నన్ను పక్కకు పిలిచి, "దొరా, ఈ మాట మేం చెప్తే గలాటా చేస్తారు. మీ నోట వస్తే వింటారు. మీ ఇంటి మాట గదా" అన్నాడు. నన్నే ఎందుకు అడిగి పిలిపించుకున్నాడో అప్పుడు అర్థమైంది. అర్థమైనా గర్వపడ్డాను. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మా పేరు ఇంకా పనికి వస్తోందని ఎవరికైనా గర్వమే.

ఆవరణలో అందరినీ పోగుచేసి చెప్పాను. ఇంజను చూసే ముసలి సాయిబు అంతా విని, "వానలు పడినాక తెరుస్తారా దొరా?" అన్నాడు.

"తెరుస్తారు."

"మమ్మల్నే పిలుస్తారా?"

"మిమ్మల్నే."

"పూచీ ఎవురు?"

నా వెనుక యజమాని ఉన్నాడు, మా పైఅధికారి ఉన్నాడు. ఆ మాట అడిగింది నన్ను. "నేను" అన్నాను. సాయిబు ఇంజను తుడిచే గుడ్డను భుజాన వేసుకుని గేటు దాటాడు. వెనకే అందరూ వెళ్లారు. కారులో పైఅధికారి నా వీపు తట్టి, ఇంత సులువుగా మూతపడిన మిల్లును తానెక్కడా చూడలేదన్నాడు.

మరుసటి ఏడు వాన పడింది. వేరుశనగ బండ్లు పామిడి దారిలో వరసగా పోతున్నాయి. మిల్లు గేటుకు తాళం అలాగే ఉంది. మద్రాసులో నా బల్ల దగ్గరికి నాయన కబురు పంపాడు, రమ్మని. వచ్చేసరికి మిల్లువాళ్లు మా ఇంటి ముందు నేల మీద కూర్చుని ఉన్నారు. అరుపులు లేవు. సాయిబు లేచి, "యంత్రాలు ఆదోనికి తోలినాడు దొరా. వానకు ముందే అమ్మేసినాడంట" అన్నాడు.

యజమాని దగ్గరికి వెళ్లాను. "మీ కాగితంలో తెరవమన్నారు, నిజమే. సలహా సలహానే గదా సామీ" అన్నాడు, మజ్జిగ తెప్పిస్తూ. తాగకుండా లేచాను. మద్రాసు వెళ్లి పైఅధికారిని అడిగాను. ఆయన విసుక్కోలేదు కూడా. మనం సూచిస్తాం, చెయ్యడం మానడం వాళ్లిష్టం, సూచనకు పూచీ ఉంటే ఈ వృత్తిలో ఎవడు బతుకుతాడు అన్నాడు. ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చాను. ఆయన మంచి సర్టిఫికెట్ రాసిస్తానన్నాడు. అక్కర్లేదన్నాను.

ఇంటికి వస్తే నాయన ఒక్కటే అడిగాడు. "పూచీ పడినావా?"

"పడినాను."

"వాళ్లు రాయించుకున్నారా?"

"లేదు. అడిగినారు, చెప్పినాను."

"అయితే ఇంక మాటలేముండాయి" అని లేచి, పాతర తెరిపించడానికి చెప్పులు వేసుకున్నాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజుల్లో మద్రాసులో నాతో చేరినవాళ్లు పెద్ద గదుల్లోకి మారారని, ఒకడు బొంబాయిలో మిల్లులు మూయించడంలో దిట్ట అయ్యాడని విన్నాను. వాళ్లెవరి ఇంటి ముందూ ఎవరూ వచ్చి కూర్చోలేదు. వాళ్లెవరో, ఎవరింటివాళ్లో ఎవరికి తెలుసు గనక?

మిల్లులో పని పోయిన ఇళ్లకు వచ్చే పంట దాకా జొన్నలు, కొర్రలు మా ఇంటి నుంచే వెళ్లాయి. పాతర చాలలేదు. పెన్న వైపు మాకు మిగిలిన నల్లరేగడి చేను, దాని గట్టు మీది చింతచెట్లతో సహా, ఆ చలికాలంలో అమ్మాము.